ఆర్‌సీఏ 1802 కంప్యూటర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వాయేజర్ వ్యోమనౌకల్లో ఉన్నది ఈ 1802 మైక్రోప్రాసెసర్ చిప్పే.

వాస్తవం: కాదు. 1977లో బయల్దేరిన వాయేజర్ కంప్యూటర్లలో మైక్రోప్రాసెసరే లేదు. 1802 వెళ్లింది 1989 నాటి గెలీలియో వ్యోమనౌకలో. అది కూడా నీలమణి పొర మీద తయారైన ప్రత్యేక రకం. పాత బోర్డు అమ్మేవారు ‘ఇది అంతరిక్షంలో తిరిగిన చిప్’ అంటే, ఆ మాటకి పైసా అదనంగా ఇవ్వకండి.

అపోహ: రోమ్ (శాశ్వత మెమరీ చిప్) లేకపోతే ఎల్ఫ్ (1802తో ఇంట్లోనే కట్టుకునే చిన్న కంప్యూటర్) నడవదు.

వాస్తవం: 1976 నాటి కాస్మాక్ ఎల్ఫ్‌లో ఉన్నదే 256 బైట్ల ర్యామ్. ముందు రీసెట్ చేసి, తర్వాత క్లియర్ (3వ పిన్ను), వెయిట్ (2వ పిన్ను) రెండింటినీ సున్నా వోల్టులకి దింపితే లోడ్ మోడ్ వస్తుంది. ఇన్ బటన్ నొక్కినప్పుడల్లా స్విచ్‌ల మీద పెట్టిన బైట్ డీఎంఏ ద్వారా (ప్రోగ్రామ్ అవసరం లేకుండా నేరుగా) మెమరీలో చేరుతుంది, మెమరీ చిరునామాని ఉంచుకునే ఆర్0 రిజిస్టర్ (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గది) దానంతటదే ఒకటి పెరుగుతుంది. పరీక్షకి హెక్సాడెసిమల్‌లో ఈ ఆరు బైట్లు చాలు: 7ఏ, 3ఎఫ్, 00, 7బీ, 30, 01. మళ్లీ రీసెట్ చేసి రన్‌లో పెట్టండి. ఇన్ నొక్కితే చిప్ క్యూ అవుట్‌పుట్‌కి కలిపిన ఎల్ఈడీ వెలగాలి, వదిలితే ఆరాలి.

అపోహ: కాసేపు నడిచి కాసేపు ఆగుతోందంటే ప్రాసెసర్ పోయినట్టే.

వాస్తవం: చిప్ మార్చే ముందు బోర్డు మీద చెయ్యి ఆడించి చూడండి. దాంతో ప్రవర్తన మారితే ఏదో ఇన్‌పుట్ పిన్ను గాల్లో వేలాడుతోందన్నమాట. 1802 సీమాస్ (చాలా తక్కువ కరెంటుతో నడిచే) రకం చిప్ కాబట్టి ఎటూ కలపని ఇన్‌పుట్ ఎటైనా ఊగుతుంది. ఇంటరప్ట్ (36), డీఎంఏ (37, 38), బయటి సంకేతాలు చదివే ఈఎఫ్ (21 నుంచి 24) పిన్నుల్లో వాడనివాటిని ఒక్కోదాన్ని 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో 5 వోల్టులకి కట్టేయండి. 40వ పిన్నుకి కరెంటు ఇచ్చి 16ని మర్చిపోవడం మామూలే, రెండింటికీ ఇవ్వాలి.

అక్కడా తప్పు దొరక్కపోతే పక్కనున్న టీటీఎల్ (పాత తరహా లాజిక్) చిప్‌ల సంగతి చూడండి. వాటి ‘హై’ 2.4 వోల్టులకి మించి ఉంటుందన్న హామీ లేదు. 5 వోల్టుల మీద నడిచే 1802కి 3.5 కావాలి. పుల్‌అప్ రెసిస్టర్ పెట్టండి, లేదా హెచ్‌సీటీ రకం చిప్ వేయండి.

అపోహ: రీసెట్ చేస్తే రిజిస్టర్లన్నీ సున్నా అవుతాయి.

వాస్తవం: ఆర్0, ఎక్స్, పీ, క్యూ అవుతాయి. ఆర్1 నుంచి ఆర్‌ఎఫ్ దాకా ఏముంటే అదే ఉంటుంది, ప్రోగ్రామే నింపుకోవాలి.

అపోహ: క్లాక్ ఆపితే రిజిస్టర్లలో ఉన్నది పోతుంది.

వాస్తవం: పోదు. ఇది పూర్తి స్టాటిక్ డిజైన్. క్లాక్‌ని ఒక్కో పల్సుగా ఇస్తూ లాజిక్ ప్రోబ్‌తో బస్‌ని తాపీగా చూసుకోవచ్చు. కాకపోతే 1861 వీడియో చిప్ ఉంటే దాదాపు 1.76 మెగాహెర్ట్జ్ క్లాక్ తప్పనిసరి, లేదంటే టీవీలో బొమ్మ నిలవదు.