కన్నీటి ద్వారం మూసుకున్నప్పుడు

యెమెన్‌కూ ఆఫ్రికా తీరంలోని జిబూటీకీ మధ్య సముద్రం సుమారు 30 కిలోమీటర్ల వెడల్పుకు కుంచించుకుపోతుంది. ఈ జలసంధి పేరు బాబ్ ఎల్ మందెబ్. అరబ్బీలో ఆ మాటకు కన్నీటి ద్వారమని అర్థం. హిందూ మహాసముద్రం నుంచి ఎర్ర సముద్రంలోకి, అక్కడి నుంచి సూయజ్ కాలువ మీదుగా ఐరోపాకు పోయే ఓడలన్నీ దీన్ని దాటవలసిందే. 2023 చివరి దాకా ప్రపంచ కంటెయినర్ రవాణాలో దాదాపు 30 శాతం సూయజ్ దారినే సాగేది.

హూతీ తిరుగుబాటుదారులు యెమెన్ రాజధాని సనాను 2014 సెప్టెంబరులో చేజిక్కించుకున్నారు. మరుసటి ఏడాది మార్చిలో సౌదీ అరేబియా నాయకత్వంలోని కూటమి వారిపై యుద్ధానికి దిగింది. 2021 ముగిసేనాటికి ఆ యుద్ధం 3,77,000 మందిని బలి తీసుకుని ఉంటుందనీ, వారిలో ఎక్కువమంది ఆకలితోనూ వైద్యం అందకనూ పోయినవారేననీ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అంచనా వేసింది. అన్నేళ్ల ఆ మారణకాండకు ప్రపంచ మార్కెట్లు పెద్దగా చలించలేదు. గాజా యుద్ధం మొదలైన కొద్ది వారాలకు, 2023 నవంబరు 19న, గాజాకు మద్దతుగా అంటూ హూతీలు హెలికాప్టర్‌లో దిగి గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నాక మాత్రం రెండు నెలలు తిరక్కుండానే ఓడల కిరాయిలు మండిపోయాయి. ఒక ప్రాంతపు యుద్ధం మిగతా లోకాన్ని ఎంతగా తాకుతుందన్నది అక్కడ పోయిన ప్రాణాల లెక్కను బట్టి ఉండదనీ, ఆ ప్రాంతం ఏ దారి పక్కన ఉందన్నదాన్ని బట్టి ఉంటుందనీ ఇంతకన్నా బాధాకరంగా చెప్పే ఉదాహరణ నాకు కనబడదు.

ఆ తర్వాత హూతీలు ఆ దారిన పోయే ఓడల మీద క్షిపణులతో దాడులు సాగించారు. క్షిపణి తగిలిన ఓడల సంఖ్య, దారి మార్చుకున్న ఓడలతో పోలిస్తే చాలా స్వల్పం. దారి మార్పించినది ప్రధానంగా బీమా లెక్క. యుద్ధ ప్రమాదానికి కట్టే అదనపు ప్రీమియం అంతకుముందు ఓడ విలువలో ఒక శాతంలో పదో వంతుకు కూడా చేరేది కాదు. దాడుల తర్వాత అది 1 శాతం దరిదాపులకు వెళ్లింది. అంటే 10 కోట్ల డాలర్ల ఓడ ఆ దారిన ఒక్కసారి పోవడానికే 10 లక్షల డాలర్లు కట్టాలి. అంతకంటే ఆఫ్రికా ఖండాన్ని చుట్టి, కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా పోవడమే నయమని పెద్ద కంపెనీలు నిర్ణయించుకున్నాయి. ఆ చుట్టుదారికి పది నుంచి పద్నాలుగు రోజులు అదనంగా పడుతుంది. ప్రతి ఓడా సముద్రం మీద అన్నేసి రోజులు ఎక్కువగా గడిపితే, ఒక్క ఓడ కూడా మునగకపోయినా, సరుకు మోయడానికి దొరికే ఓడలు తగ్గిపోయినట్టే. కిరాయి పెరగడానికి అసలు కారణం ఇదే. విడిభాగాలు అందక బెర్లిన్ సమీపంలోని టెస్లా కర్మాగారం 2024 జనవరి చివర సుమారు రెండు వారాలు ఉత్పత్తి ఆపుకోవలసి వచ్చింది.

అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది ఈ తగాదాలో పాలుపంచుకోని ఈజిప్టు. సూయజ్ కాలువ సుంకాల ద్వారా 2023లో వెయ్యి కోట్ల డాలర్లకు పైగా సంపాదించిన ఆ దేశం, 2024లో దాదాపు 700 కోట్ల డాలర్లు కోల్పోయిందని దాని అధ్యక్షుడే ప్రకటించాడు.

ఇక దేశాల మధ్య సంబంధాల సంగతి. ఓడల రక్షణకు అమెరికా 2023 డిసెంబరులో కూటమి ప్రకటించినప్పుడు, అందులో పేరు బయటపెట్టుకున్న అరబ్ దేశం బహ్రెయిన్ ఒక్కటే. గాజాపై బాంబులు పడుతున్న వేళ అమెరికా పక్కన కనబడటానికి మిగతా ప్రభుత్వాలు జంకాయి. దాడులను ఖండిస్తూ 2024 జనవరి 10న భద్రతామండలి చేసిన తీర్మానంపై రష్యా, చైనా ఓటు వేయకుండా ఊరుకున్నాయి. యుద్ధనౌకల చూపు హూతీల మీదికి మళ్లిన సమయంలోనే సోమాలియా సముద్రపు దొంగలు మళ్లీ తలెత్తారు. వారు స్వాధీనం చేసుకున్న రూయెన్ అనే ఓడను 2024 మార్చిలో భారత నావికాదళం విడిపించింది. అంతకుముందు జనవరిలో, క్షిపణి తగిలి మంటల్లో చిక్కుకున్న మార్లిన్ లువాండా అనే చమురు నౌకకు సాయంగా వెళ్లింది ఐఎన్ఎస్ విశాఖపట్నం. ఆ చమురు నౌక సిబ్బందిలో 22 మంది భారతీయులే.

మన తీరానికి ఉన్న సంబంధం ఆ యుద్ధనౌక పేరుతో ఆగిపోదు. దేశంలో రొయ్యల సాగుకు ఆంధ్రప్రదేశ్ పెట్టింది పేరు. ఆ రొయ్యలకు అమెరికా అతి పెద్ద మార్కెట్. అమెరికా తూర్పు తీరానికి పోయే శీతల కంటెయినర్లకు దగ్గరి దారి సూయజే. కిరాయి పెరిగినప్పుడు ఎగుమతిదారు ఆ భారాన్ని అవతలి కొనుగోలుదారుపై వేయలేకపోతే, భీమవరం చుట్టుపక్కల చెరువు గట్టు మీద కౌంట్ ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కను బట్టి కట్టే ధర) దగ్గర బేరమాడతాడు. బాబ్ ఎల్ మందెబ్ పేరు ఎన్నడూ వినని రైతు చేతికి వచ్చే సొమ్ము అలా తగ్గుతుంది.

గెలాక్సీ లీడర్ నావికులు 25 మంది. వారిలో 17 మంది ఫిలిప్పీన్స్ వారు, మిగిలినవారు ఉక్రెయిన్, బల్గేరియా, రుమేనియా, మెక్సికో దేశాల వారు. గాజాతో గానీ యెమెన్‌తో గానీ ఏ తగువూ లేని ఆ మనుషులు 14 నెలలు బందీలుగా ఉండి, గాజాలో కాల్పుల విరమణ మొదలయ్యాక, 2025 జనవరి 22న విడుదలయ్యారు.