మేరీలాండ్ ట్రైనర్ టైటిల్ గొడవ వెనక అరవై ఏళ్ల కథ

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో గుర్రపు పందేల మీట్ ఒకటి, అంటే ఒక ట్రాక్‌లో వరుసగా కొన్నాళ్లు జరిగే రేసులు, ముగిసిందంటే గుర్రాల్ని తయారుచేసే ట్రైనర్లలో లీడింగ్ ట్రైనర్ ఎవరన్నది తేలిపోతుంది. లెక్కలో చిక్కేమీ లేదు, ఆ మీట్‌లో ఎవరి గుర్రాలు ఎక్కువ రేసులు గెలిస్తే వాళ్లదే టైటిల్. మేటి గుర్రాలు దిగే పెద్ద స్టేక్స్ రేసు గెలిచినా ఒక గెలుపే, స్టాండ్స్ సగం ఖాళీగా ఉన్న రోజున అట్టడుగు స్థాయి రేసు గెలిచినా ఒక గెలుపే. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. వంద గుర్రాలున్న లాయానికీ పన్నెండు గుర్రాలున్న లాయానికీ మధ్య ఇదేం పోటీ అని కొందరు అడుగుతారు. ఆ వంద గుర్రాలూ ఊరికే వచ్చి పడలేదు, గెలిపించగలడని నమ్మకం కుదిరాకే ఓనర్లు తెచ్చి కట్టారు కదా అని ఇంకొందరు అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. అసలు ఈ టైటిల్‌కి ఇంత విలువ ఎలా వచ్చింది, దాని కోసం ట్రైనర్లు ఏం చేశారు అన్నది తెలియకుండా ఇందులో ఒక పక్షం పట్టడం నాకు సరిగ్గా అనిపించదు.

మేరీలాండ్‌లోని రేసు ట్రాక్‌లలో పిమ్లికో 1870లో, లారెల్ 1911లో, బోవీ 1914లో మొదలయ్యాయి. అప్పట్లో ఒక్కో చోట రేసులు కొద్ది రోజులే. ఒక మీట్ అయిపోగానే గుర్రాలూ, మనుషులూ, సామానూ రైలెక్కి ఇంకో ఊరికి వెళ్లేవాళ్లు, చలికాలం వస్తే దక్షిణాదికి దిగిపోయేవాళ్లు. అలా వచ్చిపోయే లాయాల మధ్య ఒక ట్రాక్ టైటిల్ అన్నదానికి పెద్దగా అర్థం ఉండదు. పరిస్థితి మారింది 1950ల చివర్లో. బోవీ చలికాలంలోనూ రేసులు పెట్టడం మొదలెట్టింది. మంచు పడ్డా, గాలి కోసేస్తున్నా రేసులే. ఆ తర్వాత ఈ ట్రాక్‌లన్నిటినీ కలుపుకుంటే దాదాపు ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట పందెం ఉండేది, అన్నీ గంట ప్రయాణంలోపు. దాంతో ట్రైనర్ ఇల్లు కట్టుకుని, పిల్లల్ని ఒకే బడిలో వేసి, అక్కడే బతకగలిగే వీలు వచ్చింది. రోజూ అవే ముఖాలు, అదే పోటీ, సీజన్ తర్వాత సీజన్. టైటిల్‌కి ప్రాణం వచ్చింది అప్పుడే.

అయితే ఏడాది పొడుగునా రోజుకి ఎనిమిది, తొమ్మిది రేసులు నడపాలంటే గుర్రాలు కావాలి, డెర్బీ స్థాయి గుర్రాలు ఎక్కడైనా నాలుగైదే ఉంటాయి. మిగతావన్నీ సాదా గుర్రాలు. ఇవి నడిచేది క్లెయిమింగ్ రేసుల్లో. ఈ పద్ధతి అర్థం కాకపోతే మేరీలాండ్ కథ అర్థం కాదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

క్లెయిమింగ్ రేసులో పరిగెత్తే ప్రతి గుర్రానికీ ముందే ఒక ధర కట్టి ఉంటుంది. పది వేల డాలర్ల రేసులో గుర్రాన్ని దించామంటే, ఆ పది వేలకి లైసెన్సున్న ఏ ఓనరైనా దాన్ని కొనేసుకోవచ్చు, మనం కాదనడానికి లేదు. కొనాలనుకున్నవాడు రేసుకి కొద్ది నిమిషాల ముందే స్లిప్పు రాసి, కవరులో పెట్టి, టైమ్ ముద్ర వేయించి పెట్టెలో వేయాలి, డబ్బు అప్పటికే ఆఫీసు ఖాతాలో ఉండాలి. స్లిప్పులో గుర్రం పేరు ఒక్క అక్షరం తప్పు రాసినందుకే క్లెయిమ్ చెల్లకుండా పోయిన సందర్భాలున్నాయి. ఒకే గుర్రానికి ముగ్గురు నలుగురు స్లిప్పులు వేస్తే చీటీ తీసినట్టు అంకెల గోళీలు కుదిపి తీస్తారు. రేసు అయ్యాక గుర్రం పాత లాయానికి వెళ్లదు. ఎంతకాలం నుంచో దాన్ని తోమి, మేత పెట్టి, కాళ్లకి కట్టు కట్టిన మనిషి తన కళ్లెం తను తీసుకుని ఉత్త చేతులతో వెనక్కి నడుస్తాడు, కొత్త లాయం వాళ్లు తమ తాడు వేసి తీసుకుపోతారు. ఆ రేసులో వచ్చిన ప్రైజ్ మనీ మాత్రం పాత ఓనర్‌కే.

ఇప్పుడు గెలుపులే లెక్క అయిన టైటిల్‌ని దీనికి కలిపి చూడండి. పదిహేను వేల డాలర్ల గుర్రాన్ని పది వేల రేసులో దించితే గెలిచే అవకాశం బాగా పెరుగుతుంది, కానీ అది చేజారిపోయే అవకాశం కూడా అంతే పెరుగుతుంది. ఎదుటివాడికి టెన్షన్ ఏంటంటే, ఇంత తక్కువకి ఎందుకు దించాడు, నిజంగా గెలుపు కోసమా, లేక దాని మోకాలు పోయిందా? పేకాటలో ఎదుటి మనిషి ముఖం చదివినట్టు చదవాల్సిన ఆట ఇది. ఈ ఆటని అందరికంటే బాగా ఆడినవాళ్లే టైటిళ్లు పట్టుకుపోయారు.

1960లు, 70ల్లో మేరీలాండ్‌లో నలుగురి రాజ్యం నడిచింది, వాళ్లని కలిపి బిగ్ ఫోర్ అనేవాళ్లు: కింగ్ లెదర్‌బరీ, బడ్ డెల్ప్, డిక్ డట్రో, జాన్ టమ్మారో. ఒకరి గుర్రాన్ని ఇంకొకరు క్లెయిమ్ చేయడం, వాళ్లు మళ్లీ వెనక్కి లాక్కోవడం, ఈ లోపు అది ఇద్దరికీ చెరో రేసు గెలిచి పెట్టడం మామూలు విషయం. స్థానిక పోటీయే అయినా దాని వేడి ఎంతంటే, డట్రో 1975లో 352 రేసులు గెలిచి దేశం మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు. 1977లో, 1978లో ఆ స్థానం లెదర్‌బరీది. డెల్ప్ మొదట్లో క్లెయిమింగ్ గుర్రాలతోనే పేరు తెచ్చుకున్నాడు, తర్వాత 1979లో స్పెక్టాక్యులర్ బిడ్ అనే గుర్రంతో దేశంలోని అతి పెద్ద రేసుల్లో రెండు, కెంటకీ డెర్బీ, పిమ్లికోలో జరిగే ప్రీక్‌నెస్, రెండూ గెలిచి చూపించాడు. అంటే సాదా గుర్రాలతో టైటిళ్లు కొట్టేవాళ్లకి పెద్ద గుర్రాన్ని నడపడం రాదన్న మాట అబద్ధమని అక్కడే తేలిపోయింది. చిన్న రేసులు గెలవడంలో ఉన్న పనితనాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

నలుగురిలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది లెదర్‌బరీయే. యూనివర్సిటీ ఆఫ్ మేరీలాండ్‌లో బిజినెస్ చదివాడు, 1959లో మొదటి రేసు గెలిచాడు. మిగతా ట్రైనర్లు తెల్లారకముందే ట్రాక్ దగ్గర గుర్రాల వ్యాయామం చూస్తూ నిలబడితే, ఇతను చేతికింది మనుషులకి ఆ పని అప్పగించి, ముందున్న వారాల రేసుల షరతులుండే కండిషన్ బుక్కూ, పాత రేసుల రికార్డులూ ముందేసుకుని ఫోన్‌లో లాయం నడిపేవాడని పేరు. ఏ గుర్రం ఏ రేసుకి సరిపోతుంది, దాన్ని ఎంతకి దించాలి, ఎవడు క్లెయిమ్ చేసే అవకాశముంది, ఇదే అతని పని. ఫలితం చూడండి: పిమ్లికోలో 26 టైటిళ్లు, లారెల్‌లో 26, మొత్తం 52, పక్క రాష్ట్రంలోని డెలావేర్ పార్క్‌లో ఇంకో నాలుగు. జీవితకాలంలో గెలుపులు 6,500 పైనే. ఇరవై వేల డాలర్లకి క్లెయిమ్ చేసిన టేకింగ్ రిస్క్స్ అనే గుర్రంతో 1994లో ఐజలిన్ హ్యాండికాప్ అనే గ్రేడ్ 1, అంటే అన్నిటికంటే పై స్థాయి రేసు గెలిచాడు. చివరి దశలో, తనే పుట్టించి పెంచుకున్న బెన్స్ క్యాట్ అనే గుర్రం 63 రేసుల్లో 32 గెలిచి ఇరవై ఆరు లక్షల డాలర్లకి పైగా సంపాదించింది. ఇన్ని చేసినా, గుర్రపు పందేల మేటివాళ్లకి జాతీయ స్థాయిలో ఇచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నది 2015లో, అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి. ట్రాక్ టైటిళ్లకి జాతీయ స్థాయిలో ఎంత తక్కువ గౌరవం ఉందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు, నాకు మాత్రం ఇది అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇలాంటి కథ మేరీలాండ్‌కే పరిమితం కాదు. వెస్ట్ వర్జీనియాలోని మౌంటెనీర్ పార్క్‌లో డేల్ బెయిర్డ్ ఎక్కువగా తన సొంత గుర్రాలతోనే, చవక రేసుల్లోనే 9,445 గెలుపులు కూడబెట్టాడు, 2007లో రోడ్డు ప్రమాదంలో చనిపోయేనాటికి అమెరికాలో అంతకంటే ఎక్కువ గెలిచిన ట్రైనర్ లేడు. ఆస్ట్రేలియాలో సిడ్నీ టైటిల్‌ని టామీ స్మిత్ వరుసగా 33 సీజన్లు ఎవరికీ వదల్లేదు, 1985-86లో బ్రయన్ మేఫీల్డ్-స్మిత్ వచ్చి ఆ వరుస తెంచాడు. అక్కడా లెక్క గెలుపులదే.

బ్రిటన్ మాత్రం వేరే దారి పట్టింది. అక్కడ జాకీకి గెలుపుల లెక్క, ట్రైనర్‌కి ప్రైజ్ మనీ లెక్క. వినడానికి ఇది న్యాయంగానే ఉంటుంది, పెద్ద రేసుకి పెద్ద విలువ. కానీ గుర్రాలు అడ్డంకులు దూకే 2024-25 జంప్స్ సీజన్‌లో ఏమైందో చూడండి. డాన్ స్కెల్టన్ సీజన్ అంతా ఊరూరా తిరిగి గెలుపుల సంఖ్యలో చాలా ముందున్నాడు, డబ్బులో కూడా వసంతం దాకా ఆధిక్యం అతనిదే. ఐర్లండ్‌లో ఉండే విల్లీ మలిన్స్ ఏప్రిల్‌లో అక్కడి పెద్ద జంప్స్ రేసు గ్రాండ్ నేషనల్‌లో మొదటి మూడు స్థానాలూ తన గుర్రాలతోనే నింపేసి, చివరి రోజు శాండౌన్ ట్రాక్‌లో టైటిల్ ఎగరేసుకుపోయాడు. అంటే డబ్బు లెక్క పెడితే పెద్ద లాయాల బెడద పోతుందన్న ఆశ ఉత్తిదే, అప్పుడు ఖరీదైన గుర్రాలున్నవాడు గెలుస్తాడు, అంతే తేడా. మేరీలాండ్‌లో ప్రైజ్ మనీ పద్ధతి తెస్తే అంతా సర్దుకుంటుందనేవాళ్లతో నేను ఏకీభవించలేనిది ఇందుకే.

మరి బిగ్ ఫోర్ కాలంలో పెద్ద లాయాల మీద ఇంతగా రాని ఫిర్యాదు ఇప్పుడెందుకు గట్టిగా వినిపిస్తోంది? నా దృష్టిలో అసలు కారణం గుర్రాల కొరత. ఉత్తర అమెరికాలో థరోబ్రెడ్, అంటే పందేల జాతి గుర్రప్పిల్లల పుట్టుక 1986లో 51 వేలు దాటింది, ఇప్పుడది 20 వేల లోపే ఉంది. గుర్రాలు తగ్గాయి, ఓనర్లు తగ్గారు, ఉన్న ఓనర్లు గెలుపు శాతం చూసి రెండు మూడు లాయాల వైపే పోతున్నారు. అప్పట్లో పెద్ద లాయాలు నాలుగున్నా వాళ్లని నిలువరించడానికి మధ్యస్థాయి లాయాలు చాలా ఉండేవి, ఒక్కో రేసులో, పరుగు మొదలయ్యే గేటు నిండా గుర్రాలు దిగేవి. ఇప్పుడు ఐదారు గుర్రాల రేసులు చూస్తున్నాం, అందులో రెండు ఒకే ట్రైనర్‌వి అయితే పందెం కాసేవాడికి ఆసక్తి ఏముంటుంది? కాసే డబ్బు తగ్గితే ఆ దెబ్బ ప్రైజ్ మనీకీ తగులుతుంది, ఆ తర్వాత ఇంకో చిన్న లాయం మూతపడుతుంది.

గుర్రం వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, ఈ చర్చలో అందరూ మర్చిపోయేది అదే. పాత నిబంధన ప్రకారం గేటు తెరుచుకున్న క్షణం నుంచి గుర్రం కొత్త ఓనర్‌ది, రేసు మధ్యలో కాలు విరిగి చచ్చిపోయినా అతనే డబ్బు కట్టాలి. అంటే నొప్పితో ఉన్న గుర్రాన్ని ధర తగ్గించి దించేసి, ఇంకొకడి నెత్తిన పెట్టి వదిలించుకునే దారి ఒకటి తెరిచే ఉండేది. టైటిల్ పోటీ వేడిగా ఉన్నప్పుడు ఆ దారి మరీ ఆశపెడుతుంది, గెలిస్తే లెక్కలో ఒకటి చేరుతుంది, పోతే ఒక సమస్య పోతుంది. 2022 నుంచి కేంద్ర చట్టం కింద కొత్త భద్రతా నియమాలు అమల్లోకి వచ్చాయి. గుర్రం చనిపోయినా, అంబులెన్స్‌లో తీసుకెళ్లాల్సి వచ్చినా, రేసు అయ్యాక గంటలోపు డాక్టర్ చూసి కుంటుతోందని తేల్చినా క్లెయిమ్ రద్దు, గుర్రం పాత ఓనర్ దగ్గరే ఉంటుంది. క్లెయిమింగ్ పద్ధతిలో ఇన్నేళ్లలో వచ్చిన మార్పుల్లో ఇంత మంచిది ఇంకోటి లేదని నా నమ్మకం. టైటిల్ లెక్క మార్చకుండానే టైటిల్ కోసం చేసే చెడ్డ పని ఒకదానికి ఇది అడ్డుకట్ట వేసింది.

మేరీలాండ్‌లో 2017 నుంచి వరుసగా కొన్నేళ్లు క్లాడియో గొంజాలెజ్ పట్టికలో పైన నిలిచాడు, క్లెయిమింగ్ గుర్రాలతో బిగ్ ఫోర్ పద్ధతిలోనే. 2023లో బ్రిటనీ రస్సెల్ అతన్ని దాటి, రాష్ట్రంలో ఎక్కువ రేసులు గెలిచిన మొదటి మహిళా ట్రైనర్ అయింది. ఆమె లాయం తీరు వేరు, కుర్ర గుర్రాలు, స్టేక్స్ గుర్రాలు ఎక్కువ. గెలుపుల లెక్కలో క్లెయిమింగ్ లాయాలే ఎప్పటికీ పైన ఉంటాయన్న వాదన దీంతో కొంచెం సడలింది.

ఈ లోపు ట్రాక్‌ల పరిస్థితే తారుమారైంది. బోవీ 1985లోనే రేసులు ఆపేసింది. పిమ్లికోని 2024లో చేసిన చట్టంతో రాష్ట్రం తన చేతిలోకి తీసుకుని, కూల్చి కొత్తగా కట్టే పని పెట్టుకుంది. 2026 ప్రీక్‌నెస్‌ని లారెల్‌కి మార్చారు. రేపు కొత్త పిమ్లికో, దానికి తోడు కొత్త ట్రెయినింగ్ సెంటర్ సిద్ధమయ్యాక లాయంలో గదులు ఎవరికెన్ని ఇస్తారన్నదే అసలు ప్రశ్న. టైటిల్ లెక్కని ముట్టుకోవాల్సిన పని లేదు, పట్టికలో గెలుపుల పక్కన ఎన్ని గుర్రాలతో గెలిచారో, ఎన్నిసార్లు దించారో కూడా అచ్చేస్తే చూసేవాడికి సంగతి తెలుస్తుంది. ఒక్క ట్రైనర్‌కి ఇచ్చే గదులకి మాత్రం గట్టి పరిమితి పెట్టాలి, పన్నెండు గుర్రాల లాయానికి చోటు ఇవ్వడం ఆ కేటాయింపులోనే మొదలవ్వాలి. ఇప్పుడది రాష్ట్రం చేతిలో ఉంది, జనం డబ్బుతో కడుతున్న ట్రాక్ కాబట్టి అడిగే హక్కు చిన్న ట్రైనర్లకి ఉంది.