పొలంలో యంత్రం మోగితే

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవులకు మెటల్ డిటెక్టర్ తెస్తామని, మన మిరప చేలో లంకెబిందెలు వెతుకుదామని రాశారు. చాలా సంతోషం. పాత వస్తువుల మీద ఈ వయసులో పుట్టిన ఇష్టం జీవితాంతం తోడుంటుంది. అయితే అది మోగాక ఏం చేయాలో మీకు ముందే తెలిసి ఉండాలి.

ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో హాక్సన్ అనే ఊరుంది. 1992 నవంబరులో అక్కడ పీటర్ వాట్లింగ్ అనే రైతు పొలంలో సుత్తి పోగొట్టుకుని, వెతికిపెట్టమని ఎరిక్ లాజ్‌ను అడిగాడు. లాజ్ తోటపని చేసి రిటైరైన మనిషి. రిటైర్మెంటుకు కానుకగా వచ్చిన డిటెక్టర్ ఆయన దగ్గరుంది. సుత్తి కోసం తిప్పుతుంటే వెండి చెంచాలు, బంగారు నగలు, గుట్టలుగా నాణేలు బయటపడ్డాయి. కొన్ని తీసి, ఇక తవ్వకుండా ఆపేశాడు. అధికారులకు కబురు వెళ్లింది. మర్నాడే పురావస్తు నిపుణులు వచ్చి మిగిలినదంతా జాగ్రత్తగా తీశారు.

పిల్లలూ, ఎదురుగా బంగారం కనిపిస్తున్నా చెయ్యి ఆపుకున్నాడు చూశారా, దానికే నేను ఆయనకు దణ్ణం పెడతాను. అలా ఆగబట్టే ఏ వస్తువు పక్కన ఏముందో తెలిసింది. నిధిని దాచిన చెక్కపెట్టె కుళ్లిపోయినా దాని బందులు, లోపలి చిన్న పెట్టెల వెండి తాళాలు ఉన్నచోటనే దొరికాయి. గిన్నెల మధ్య ఎండుగడ్డి పెట్టి, కొన్నిటికి గుడ్డ చుట్టి సర్దారని తేలింది. అంటే కంగారుగా పారేసి పోలేదు, మళ్లీ వచ్చి తీసుకోవాలనే ఎవరో దాచుకున్నారు. దాదాపు 15,000 నాణేల్లో అన్నిటికన్నా కొత్తవి క్రీ.శ. 407, 408 నాటివి. బ్రిటన్‌లో రోమన్ల పాలన కూలిపోతున్న రోజులవి. అందులో నాలుగు మిరియాల డబ్బాలు కూడా ఉన్నాయి. ఆ మిరియాలు రోమన్లకు మన కేరళ తీరం నుంచే వెళ్లేవి! ఆ నిధికి 17.5 లక్షల పౌండ్ల బహుమానం ఇస్తే లాజ్ అందులో వాట్లింగ్‌కూ వాటా ఇచ్చాడు. సుత్తి కూడా దొరికింది, ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

మన దగ్గర చూడండి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహన రాజు చిముకుడి నాణేలు దొరికాయి. శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రి గారి వంటివారు వాటిని చదివారు. ఆ వంశం తొలినాళ్లలోనే ఆ ప్రాంతంతో దానికి సంబంధం ఉందని చెప్పడానికి అవి పెద్ద ఆధారమయ్యాయి. అవే నాణేలు ఏ ఊరివో తెలియకుండా కంసాలి కొట్లో తేలి ఉంటే తూకానికి కరిగిపోయేవి.

యంత్రం సంగతి కొంచెం చెబుతాను. దాని చుట్టలో కరెంటు మారుతూ ఉంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కింద లోహం ఉంటే అందులోనూ చిన్న కరెంటు పుట్టి, తిరిగి యంత్రానికి తెలుస్తుంది. అది పాతదో కొత్తదో యంత్రానికి తెలియదు. మన చేలో ఎక్కువగా మోగేది విరిగిన నాగటి కర్రు ముక్కలకు, ఎద్దుల నాడాలకు, ట్రాక్టరు బోల్టులకు, పురుగుమందు డబ్బాల మూతలకు. ఇనుము ఎక్కువున్న ఎర్రనేలలో ఏమీ లేకపోయినా గోల చేస్తుంది.

అసలు పాత ఊళ్ల ఆనవాళ్లు యంత్రం లేకుండానే కనిపిస్తాయి. పాత ఊళ్లు మట్టిలో కలిసిపోయి మిగిలిన పాటిదిబ్బల మీద నలుపు ఎరుపు పెంకులు, పూసలు, పెద్ద ఇటుకలు ఉంటాయి. పాటిమన్ను ఎరువుకు బాగుంటుందని బండ్లకొద్దీ తోలేశారు, ఎన్ని ఊళ్ల చరిత్ర అలా పోయిందో! గుప్తనిధుల పేరుతో రాత్రిళ్లు తిరిగే ముఠాలు ఇంకా ఘోరం. నందుల్ని పగలగొడతారు, వీరుల గుర్తుగా నిలిపిన వీరగల్లు రాళ్లను పెకలిస్తారు. వాళ్ల చేతిలోనూ ఇదే యంత్రం ఉంటుంది. అందుకే పాటిదిబ్బ మీద, గుడి చుట్టుపక్కల, రక్షిత స్థలాల్లో మీరు దాన్ని ఆన్ చేయడానికి కూడా నేను ఒప్పుకోను.

చట్టం కూడా ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే ఏం దొరికిందో, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. పొలం మనదే కదా అని దాచుకుంటే శిక్ష పడుతుంది.

కాబట్టి మోగితే దున్నిన పైమట్టి వరకే, జానెడు లోతు మించకుండా, చిన్న తాపీతో చూడండి. ఇనుప ముక్కయితే తీసి గట్టున పడేయండి, దున్నేవాళ్లకు మేలు. నాణెమో, బొమ్మో, కుండ అంచో కనిపిస్తే ఆగిపోండి. కడగొద్దు, చింతపండుతో తోమొద్దు. ఫోటో తీసి, ఏ గట్టు నుంచి ఎన్ని అడుగులో రాసి, నన్ను పిలవండి.

పొలం కౌలుకిచ్చాం కాబట్టి కౌలు చేసే బాబాయిని ముందు అడగాలి. ఆ మాట నేను మాట్లాడతాను. మిరప కోతలు పూర్తయి, మోళ్లు పీకాకే చేలో దిగుదాం. ఎండకు టోపీలు, ఒక నోటుబుక్కు, కొలత టేపు తెచ్చుకోండి. తాపీలు ఇక్కడ ఉన్నాయి.

మీ తాతయ్య