హేగ్ నుంచి తనిఖీకి వస్తున్నారంటే అనుమానించినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

రసాయన ఆయుధాల నిషేధాన్ని పర్యవేక్షించే హేగ్‌లోని అంతర్జాతీయ సంస్థ ఓపీసీడబ్ల్యూ వాళ్లు తనిఖీకి వస్తున్నారని నేషనల్ అథారిటీ (ఆ ఒప్పందాన్ని మన దేశంలో అమలు చేసే ప్రభుత్వ సంస్థ) నుంచి కబురు అందగానే బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్ల వాళ్లు నాకు ఫోన్ చేసి ముందుగా అడిగేది ఒకటే: "మా మీద ఎవరు కంప్లైంట్ ఇచ్చారండీ?"

ఎవరూ ఇవ్వలేదు. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చింది. అందులో పరిశ్రమల తనిఖీ మామూలు వ్యవహారం. సింథసిస్ ద్వారా ఏడాదికి 200 టన్నులకు మించి సేంద్రియ రసాయనాలు తయారుచేసే యూనిట్, అవి ఒప్పందంలోని ఏ షెడ్యూల్లో (నిఘా ఉంచే రసాయనాల జాబితాల్లో) లేకపోయినా, డిక్లరేషన్ ఇవ్వాలి. అలా ఇచ్చిన వాళ్లలోంచే ర్యాండమ్‌గా ఎంపిక జరుగుతుంది. అంటే మీరు లెక్క చెప్పారు కాబట్టే వస్తున్నారు. అనుమానం ఉంటే దానికి ఛాలెంజ్ ఇన్‌స్పెక్షన్ అని వేరే పద్ధతి ఉంది. దాన్ని ఒక సభ్యదేశం మరో దేశం మీద కోరాలి. ఇన్నేళ్లలో ఏ దేశమూ ఒక్కసారి కూడా కోరలేదు.

దీన్నే పదే పదే ఎందుకు చెబుతున్నానంటే, తనిఖీ వల్ల రాని నష్టం ఆ భయం వల్ల వస్తోంది. ఇలాంటి యూనిట్లకు 120 గంటల ముందు సమాచారం ఇస్తారు. జీడిమెట్లలో ఒక యూనిట్ వాళ్లు ఆ వ్యవధిలో రాత్రికి రాత్రి ట్యాంకులన్నింటికీ పెయింట్ వేయించారు. దాంతో పాత నంబర్లు చెరిగిపోయాయి. నోరు జారతాడేమోనని స్టోర్స్ ఇన్‌చార్జిని సెలవు మీద ఊరికి పంపారు. ఇన్‌స్పెక్టర్లు డ్రాయింగ్ చేత్తో పట్టుకుని "ఇందులో ఈ ట్యాంకు ఏది?" అని అడిగితే చెప్పేవాళ్లు లేరు. ప్రొడక్షన్ మేనేజర్‌కి చెమటలు పట్టాయి. చివరికి ఆ ఇన్‌చార్జికే ఫోన్ చేసి ఒక్కో ట్యాంకు సంగతి కనుక్కున్నారు. తప్పేమీ లేదని తేలింది. అయినా ఆ మేనేజర్ పడ్డ టెన్షన్ చూస్తే నాకు బాధేసింది. నిజాయతీగా పనిచేసే మనిషి, పుకార్లు విని హడలిపోయాడు.

వాళ్లు చూసేది రెండే: డిక్లరేషన్‌లో రాసిందీ ఫ్యాక్టరీలో ఉన్నదీ సరిపోతున్నాయా, సరిన్, మస్టర్డ్ లాంటి ఆయుధాలుగా వాడే షెడ్యూల్ 1 రసాయనాలు లేవు కదా అని. తనిఖీ 24 గంటలకు మించకూడదు. మీ ప్రాసెస్ రహస్యాలు బయటపడతాయన్న భయమూ అక్కర్లేదు. సంబంధం లేని పేజీలు కప్పి ఉంచే హక్కు మీకు ఉంది, మన నేషనల్ అథారిటీ మనుషులూ పక్కనే ఉంటారు. కాబట్టి గోడలకు సున్నాలు మానేసి బ్యాచ్ రికార్డులు, స్టాక్ రిజిస్టర్, లేఅవుట్ సిద్ధం చేసుకోండి. స్టోర్స్ మనిషిని మాత్రం ఊరికి పంపకండి.

ఇక మిగతావి. థయోనిల్ క్లోరైడ్ షెడ్యూల్ 3లో ఉంది కాబట్టి వాడితే నేరం అంటారు. కాదు. మందుల తయారీలో రోజూ వాడేదే.

ప్రపంచంలో రసాయన ఆయుధాలు ఇక లేవు కదా, ఈ తంతు దేనికంటారు. అమెరికా 2023 జులైలో కెంటకీలో చివరి నిల్వను ధ్వంసం చేయడంతో సభ్యదేశాలు ప్రకటించిన నిల్వలు ముగిశాయి. ప్రకటించినవి మాత్రమే. ఈజిప్టు, ఉత్తర కొరియా ఒప్పందంలోకే రాలేదు, ఇజ్రాయెల్ సంతకం చేసినా ధ్రువీకరించలేదు. అలాంటి దేశాలకు షెడ్యూల్ 3 రసాయనం పంపాలంటే దాన్ని దేనికి వాడతారో చెబుతూ అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఎండ్ యూజ్ సర్టిఫికెట్ ఉండాలి. ఆర్డర్ ఒప్పుకునే ముందే ఆ కాగితం అడగండి, సరుకు పోర్టుకు చేరాక కాదు.