“ఇది ఇటు వస్తోందా, అటు పోతోందా?”: బస్సు యాప్‌ల డిజైన్‌పై అపోహలు – వాస్తవాలు

బస్సు ప్రయాణికుల కోసం యాప్‌లు డిజైన్ చేయడం నా పని. కొత్త ప్రాజెక్టు మొదలైన ప్రతిసారీ మీటింగుల్లో కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. అనేవాళ్లు మంచి ఉద్దేశంతోనే అంటారు. కాకపోతే వాళ్లలో చాలామంది బస్ స్టాప్‌లో నిలబడి ఏళ్లు గడిచి ఉంటాయి. ఆ మాటల్ని నమ్మి నేను చేసిన తప్పులు కూడా ఇక్కడ చెబుతున్నాను, మీరు మళ్లీ చేయకుండా ఉంటారని.

అపోహ: మ్యాప్ మీద బస్సు కదులుతూ కనిపిస్తే చాలు.

మొదట్లో నేను చేసిన ఒక యాప్ తెరవగానే స్క్రీన్ నిండా మ్యాప్, దాని మీద జరుగుతూ చిన్న చిన్న బస్సు బొమ్మలు. ఆఫీసులో గోడమీద చూపిస్తే అందరికీ తెగ నచ్చింది. తర్వాత అదే యాప్ పట్టుకుని ఒక స్టాప్‌కి వెళ్లాను. అక్కడ ఒకావిడకు ఫోను ఇచ్చి, మీ బస్సు చూడండి అన్నాను. ఆవిడ భుజాన సంచి, ఒక చేత్తో పిల్లాడి చెయ్యి పట్టుకుని ఉంది. ఎండ సూటిగా స్క్రీన్ మీద పడుతోంది. బొటనవేలితోనే మ్యాప్ అటూ ఇటూ జరుపుతూ వెతికింది. జూమ్ చేయాలంటే రెండు వేళ్లు కావాలి, రెండో చెయ్యి ఖాళీ లేదు. ఎలాగో తన రూటు నంబరు ఉన్న బొమ్మ దొరికింది. అప్పుడు నన్నడిగింది: “ఇది ఇటు వస్తోందా, అటు పోతోందా?”

ఆ ప్రశ్నకు నా మ్యాప్‌లో జవాబు లేదు.

స్టాప్‌లో నిలబడ్డ మనిషికి కావలసింది ఒక్క అంకె: నా బస్సు నా స్టాప్‌కి ఇంకెన్ని నిమిషాల్లో వస్తుంది? దాన్నిబట్టి ఉండాలా, నడిచి వెళ్లిపోవాలా, వేరే బస్సు ఎక్కాలా అని తేల్చుకుంటారు. మ్యాప్ చూపించడమంటే ఆ లెక్కంతా వాళ్ల నెత్తిన పెట్టడమే. దూరం చూసుకోవాలి, దిశ చూసుకోవాలి, మధ్యలో ఎన్ని స్టాప్‌లున్నాయో, ఎన్ని సిగ్నళ్లున్నాయో ఊహించుకోవాలి. ఆ తర్వాత మేం మొదటి స్క్రీన్ మార్చేశాం. దగ్గర్లోని స్టాప్‌లు, ఒక్కో బస్సుకి ఒక్కో వరుస, అందులో రూటు నంబరు, ఎటువైపు వెళ్తుందో, పెద్ద అక్షరాల్లో నిమిషాలు. మ్యాప్ పక్కనే ఉంది, నొక్కితే వస్తుంది. స్టాప్ రోడ్డుకి ఏ పక్కన ఉందో తెలుసుకోవడానికి, ఆలస్యమైనప్పుడు బస్సు అసలు కదులుతోందా లేదా చూడటానికి అది బాగా పనికొస్తుంది.

అపోహ: బస్సులో జీపీఎస్ ఉందిగా, టైము కచ్చితంగానే తెలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. కాస్త వివరంగా చెబుతాను.

జీపీఎస్ చెప్పేది బస్సు ఉన్న చోటు ఒక్కటే. అదీ కొంతసేపటి కిందటి చోటు. దాదాపు 20,000 కిలోమీటర్ల ఎత్తునుంచి వచ్చే ఉపగ్రహ సంకేతాలను బస్సులోని పరికరం అందుకోవాలి, ఆ వివరం మొబైల్ నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌కి చేరాలి, అక్కడ అంచనా కట్టాలి, ఆ అంచనా మీ ఫోనుకి రావాలి. ఎత్తయిన భవనాల మధ్య సంకేతాలు గోడలకు తగిలి వస్తాయి కాబట్టి బస్సు పక్క వీధిలో ఉన్నట్టు కనిపించడం మామూలే. రవాణా సంస్థలు తమ బస్సుల వివరాలను యాప్‌లకు అందించే ఉమ్మడి డేటా ప్రమాణం జీటీఎఫ్ఎస్. అందులో లైవ్ సమాచారానికి వాడే జీటీఎఫ్ఎస్ రియల్‌టైమ్ విషయంలో పాటించమని చెప్పే పద్ధతి ఏమిటంటే, ఫీడ్‌ని, అంటే సంస్థ నుంచి వచ్చే ఆ లైవ్ సమాచారాన్ని, కనీసం 30 సెకన్లకోసారి తాజా చేయాలి, బస్సు ఉన్న చోటు వివరం 90 సెకన్లకన్నా పాతది కాకూడదు. అంతా సవ్యంగా ఉన్నా, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు ఆ 90 సెకన్లలో 750 మీటర్లు దాటిపోతుంది.

పైగా చోటు తెలిసినంత మాత్రాన రాక తెలియదు. రూటు చివర బస్సు ఆగి ఉంటుంది, డ్రైవరు కాసేపు సేద తీరుతుంటాడు. పరికరం మాత్రం చోటు పంపుతూనే ఉంటుంది. యాప్ “4 నిమిషాలు” అంటుంది, ఐదు నిమిషాల తర్వాతా “4 నిమిషాలు” అనే అంటుంది. ఇంకొకటి, బస్సులు జతకట్టి రావడం. కాస్త ఆలస్యమైన బస్సు కోసం ప్రతి స్టాప్‌లోనూ జనం ఎక్కువగా పోగవుతారు. వాళ్లు ఎక్కేసరికి ఇంకా ఆలస్యమవుతుంది. వెనకాల బస్సుకి జనం తగ్గి అది తొందరగా వచ్చి ముందుదాన్ని కలుసుకుంటుంది. 1964లోనే న్యూవెల్, పాట్స్ అనే పరిశోధకులు దీన్ని లెక్కలతో చూపించారు. నిన్నటి సగటు వేగం పట్టుకుని కట్టిన అంచనా ఇలాంటప్పుడు నిలబడదు.

అంచనా తప్పక తప్పుతుంది కాబట్టి, ఎటువైపు తప్పుతోందన్నది చూడాలి. చెప్పినదానికన్నా బస్సు రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే మనిషి ఇంకో రెండు నిమిషాలు నిలబడతాడు. రెండు నిమిషాలు ముందే వచ్చేస్తే కళ్లముందే బస్సు వెళ్లిపోతుంది, తర్వాతిది అరగంటకు కావచ్చు. చాలా బృందాలు సగటు తప్పు ఒక్కటే కొలుస్తాయి. అందులో ఈ రెండూ ఒకటే అంకె. నేను వీటిని విడివిడిగా లెక్కపెట్టమని పట్టుబడతాను. 3 నిమిషాల 50 సెకన్లు ఉంటే స్క్రీన్ మీద 3 అనే చూపిస్తాను, 4 అని కాదు. చిన్న విషయమే, కానీ దీనివల్ల పరుగెత్తుకొచ్చిన మనిషికి బస్సు అందుతుంది.

ఇక లైవ్ సమాచారం ఆగిపోతే? చాలా యాప్‌లు చడీచప్పుడు లేకుండా టైంటేబుల్ అంకెను అదే చోట, అదే అక్షరాల్లో పెట్టేస్తాయి. మహా అయితే రంగు కాస్త వెలిసినట్టు ఉంటుంది. ఎండలో ఆ తేడా ఎవరికీ కనపడదు. “టైంటేబుల్ ప్రకారం 8:40” అని మాటల్లో రాయాలి. “40 సెకన్ల కిందట అందిన సమాచారం” అని పక్కనే చెప్పాలి. మరీ బాధ కలిగించేది మాయమయ్యే బస్సు. 3, 2, 1 అని దిగుతూ వచ్చి, “వస్తోంది” అని చూపించి, వరుస ఉన్నట్టుండి పోతుంది, రోడ్డు మీద మాత్రం బస్సు లేదు. వెళ్లిపోయిందా, రద్దయిందా, పరికరం ఆగిపోయిందా? ఈ మూడూ మూడు వేర్వేరు సంగతులు. తెలిసినంతవరకు ఏదో చెప్పి, ఆ వరుసను కొన్ని నిమిషాలు అక్కడే ఉంచాలి. తెలియకపోతే “ఈ బస్సు నుంచి సమాచారం అందడం లేదు” అని రాయాలి. మా బృందంలో మొదట ఈ వాక్యం ఎవరికీ నచ్చలేదు, యాప్ చేతగానిదిలా కనిపిస్తుందన్నారు. పెట్టి చూశాక దాన్ని తీసేయమని ఎవరూ అడగలేదు.

అపోహ: టైము చూపించినంత మాత్రాన బస్సు ముందు రాదుగా, దేనికిదంతా?

బస్సు ముందు రాదు, నిజమే. నిరీక్షణ మాత్రం తగ్గుతుంది. 2008లో అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ విద్యార్థులు మొదలుపెట్టిన వన్‌బస్‌అవే అనే యాప్ ఉంది. అక్కడి ప్రయాణికుల మీద చేసిన అధ్యయనం 2011లో అచ్చయింది. ఎంతసేపు నిలబడ్డారని అడిగితే, లైవ్ సమాచారం వాడేవాళ్లు సగటున 7.5 నిమిషాలన్నారు, వాడనివాళ్లు 9.9 నిమిషాలన్నారు. ఇదంతా మనసుకు అనిపించేది మాత్రమే కాదు, వాడేవాళ్లు నిజంగానే దాదాపు 2 నిమిషాలు తక్కువ నిలబడ్డారు. ఇంకా ఆరు నిమిషాలుందని తెలిస్తే ఇంట్లోనే ఆ ఆరు నిమిషాలు గడిపి బయల్దేరతాం కదా.

అపోహ: డేటా ప్రమాణం ఉంది కాబట్టి సగం పని అయిపోయినట్టే.

2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి చేసిన పనిలోంచి జీటీఎఫ్ఎస్ పుట్టింది. మొదట్లో ఆ పేరులోని ‘జీ’ గూగులే, తర్వాత ‘జనరల్’ అయింది. స్టాప్‌లు, రూట్లు, ట్రిప్పులు, సమయాలు సాదా టెక్స్ట్ ఫైళ్లుగా జిప్ చేసి ఉంటాయి. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఈ రంగానికి ఇంతకన్నా మేలు చేసింది ఇంకొకటి లేదని నా నమ్మకం. అయినా అందులో ఉన్నది ఉన్నట్టు స్క్రీన్ మీద పోస్తే ప్రయాణికుడికి అర్థం కాదు.

ఉదాహరణకు అందులో 25:30:00 అనే సమయం కనిపిస్తుంది. తప్పేమీ కాదు. అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకు వచ్చే బస్సు ముందురోజు సర్వీసుకే చెందుతుందని దానర్థం. ఒక ప్రాజెక్టులో దీన్ని పొరపాటనుకుని 24 తీసేసి, తేదీ మాత్రం అలాగే ఉంచేశారు. శనివారం రాత్రి చివరి బస్సు, అంటే తెల్లవారితే ఆదివారం అనగా ఒకటిన్నరకు రావలసింది, యాప్‌లో శనివారం తెల్లవారుజామునే అయిపోయినట్టు కనిపించింది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వెళ్లేవాళ్లకు యాప్ ఇక బస్సులు లేవని చెప్పింది. ఆఫీసులో మాకెవరికీ తెలియలేదు, ఎందుకంటే ఆ వేళకు మేమెవరం బస్సు ఎక్కం. ఒక ప్రయాణికుడు రాస్తేనే తెలిసింది.

స్టాప్ పేర్లు ఇంకో చిక్కు. రోడ్డుకి రెండు పక్కలా ఒకే పేరు ఉంటుంది, కూడలిలో అయితే నాలుగు వైపులా అదే పేరు. జాబితాలో నాలుగు ఒకేలా కనిపిస్తే ఎవరైనా మొదటిదే నొక్కుతారు. అందుకే పేరు కింద “ఫలానా వైపు వెళ్లే బస్సులు” అని తప్పనిసరిగా రాయాలి. జనం పిలిచే పేరు డేటాలో ఉండకపోవచ్చు. అది కూడా వెతుకులాటలో దొరికేలా చేయాలి, స్పెల్లింగు కాస్త అటూ ఇటూ అయినా సరే.

అపోహ: ఇప్పుడు నెట్ అందరికీ ఉంది.

ఉంది, రాని చోట్లూ ఉన్నాయి. టైంటేబుల్ ఫోనులోనే దాచి ఉంచండి. నెట్ లేనప్పుడు గిరగిర తిరిగే చక్రానికి బదులు కనీసం అదైనా కనపడుతుంది.

అపోహ: అందరికీ అందుబాటులో ఉండటమంటే అక్షరాలు పెద్దవి చేయడం.

అది మొదటి మెట్టు. మామూలు అక్షరాలకు, వెనకాల రంగుకు మధ్య వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలని, వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుంది. ఆకుపచ్చ రంగు అంటే టైముకి వస్తోంది, ఎరుపంటే ఆలస్యం అని రంగుతోనే చెబితే ఆ రెండూ వేరుగా కనపడనివాళ్లు చాలామంది ఉన్నారు, పక్కన మాట కూడా ఉండాలి. కదిలే బస్సులో నిలబడి నొక్కే బటన్ కాబట్టి, ఆండ్రాయిడ్ సూచించే 48 డీపీ (స్క్రీన్ మీద సైజు కొలిచే యూనిట్) కొలతకు ఎప్పుడూ తగ్గించను.

చూపు లేనివారితో కలిసి పరీక్షించినప్పుడు నాకు తెలిసిన సంగతి ఒకటుంది. స్క్రీన్ తాజా అయిన ప్రతిసారీ ఫోను నిమిషాలను మళ్లీ చదవడం మొదలుపెట్టేది. రూటు నంబరు పూర్తిగా వినేలోపే మాట మధ్యలో తెగి, మళ్లీ మొదటికొచ్చేది. బస్సు చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉన్న మనిషికి అది ఎంత ఇబ్బందో అప్పుడు కళ్లారా చూశాను. ఇప్పుడు నిమిషాలు మారినప్పుడు మాత్రమే, అదీ ఆ మనిషి ఎంచుకున్న బస్సుకే చదువుతుంది.

తెలుగులో చేసేవాళ్లకి ఇంకో మాట. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా గీసిన బటన్లలో మన వత్తులు కింద తెగిపోతాయి, గుడులు పైన కోసుకుపోతాయి. వరుసల మధ్య ఎడం పెంచి, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు పెట్టి చూడండి.

వీల్‌చైర్ వివరం దగ్గర ఒక పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. జీటీఎఫ్ఎస్‌లో స్టాప్‌కి 1 ఉంటే వీల్‌చైర్‌తో ఎక్కే వీలుంది, 2 ఉంటే లేదు, 0 ఉన్నా ఖాళీగా ఉన్నా సమాచారం లేదని అర్థం. సున్నా చూసి “వీలు లేదు” అని రాసేస్తే ఎక్కగలిగే మనిషిని ఇంట్లో కూర్చోబెట్టినట్టే. “వీలుంది” అని రాస్తే ఎక్కలేని మనిషిని రోడ్డు మీదికి తెచ్చినట్టు. సమాచారం లేదంటే లేదనే రాయండి.

అపోహ: లాగిన్ పెడితే ప్రయాణికుల గురించి ఎక్కువ తెలుస్తుంది.

బస్సు టైము చెప్పడానికి ఫోను నంబరు అక్కర్లేదు. ఓటీపీ వచ్చేలోపు బస్సు వెళ్లిపోతుంది. లొకేషన్ అనుమతి కూడా యాప్ తెరవగానే అడగకండి, “దగ్గర్లోని స్టాప్‌లు” నొక్కినప్పుడు అడగండి. ఇవ్వకపోతే పేరుతో వెతుక్కునే దారి తెరిచి ఉంచండి.

అపోహ: టెస్టింగ్ ఆఫీసులోనే అయిపోతుంది.

విడుదలకు ముందు మేం ఇద్దరిద్దరుగా స్టాప్‌లకు వెళ్తాం. ఒకసారి మిట్టమధ్యాహ్నం, ఒకసారి చీకటిపడ్డాక, ఒకసారి వానలో. ఫోను పాతది, చార్జింగ్ 15 శాతానికి దిగింది, బ్యాటరీ సేవర్ వేసింది. యాప్ ఎన్ని నిమిషాలంటోందో ఒకరు చదువుతారు, బస్సు తలుపు తెరుచుకున్న క్షణాన్ని ఇంకొకరు చిన్న నోటు పుస్తకంలో రాస్తారు. ఆఫీసుకి తిరిగొచ్చాక, చెప్పినదానికన్నా ముందే వచ్చేసిన బస్సుల కింద ఎర్రగీత గీస్తాం. ఆ రోజు ఇంకేం పనున్నా, ముందు ఆ గీతలున్న వరుసలతోనే మొదలుపెడతాం.