ఉద్దానం చేతి ఆపరేషన్: నొప్పి నివారణ పరిశోధనల నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో, కిడ్నీ జబ్బు ముదిరి డయాలసిస్‌కు సిద్ధమయ్యేవారికి సాధారణంగా ముందు చేయవలసిన ఆపరేషన్ ఫిస్టులా. మణికట్టు దగ్గరో మోచేతి మడతలోనో ధమనిని సిరకు కలిపి కుడితే, ఆ రక్తపు ఒత్తిడికి సిర కొన్ని వారాల్లో ఉబ్బి, డయాలసిస్‌కు గుచ్చే లావుపాటి సూదులను తట్టుకునేలా గట్టిపడుతుంది. 1966లో న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో బృందం ప్రకటించిన ఈ ఆపరేషన్ చిన్నదే గానీ, నొప్పి తగ్గించే విషయంలో వైద్యులకు దారులు తక్కువ. డైక్లోఫినాక్ వంటి నొప్పి బిళ్లలు కిడ్నీకి రక్త ప్రవాహాన్ని తగ్గిస్తాయి కనుక, ఇంకా కొంత పనిచేస్తున్న కిడ్నీ ఉన్నవారికి అవి తగవు. (ఒళ్లు నొప్పులకు వేసుకునే బిళ్లలే ఉద్దానం జబ్బుకు మూలమని అనుమానించినవారూ ఉన్నారు గానీ ఆ వాదన తేలలేదు.) తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ విచ్ఛిన్నమై ఏర్పడే పదార్థాలు మూత్రంలో పోవలసినవి కాబట్టి, ఈ రోగుల్లో పేరుకొని మగతను కలిగిస్తాయి, శ్వాసను మందగింపజేస్తాయి. చాలామందికి బీపీ, గుండె బలహీనత కూడా ఉండడంతో పూర్తి మత్తుకు వెనకాడవలసి వస్తుంది. ఇక మిగిలేది చేతిని మాత్రమే మొద్దుబార్చడం.

ఆ ఆలోచన పాతదే. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కంటికి స్పర్శ లేకుండా చేయగా, ఆ వెంటనే అమెరికాలో శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ అదే మందును నరాల దగ్గర ఎక్కించి చూశాడు. తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకొని చివరికి దానికి బానిసయ్యాడు. 1888, 1889లలో హైదరాబాద్‌లో కూర్చున్న, పీల్పించి మత్తునిచ్చే మందైన క్లోరోఫాం మీది కమిషన్లు తేల్చదలచుకున్నది వేరు: మత్తు ప్రాణం తీస్తుందా, తీస్తే ఎలా అన్నదే తప్ప, మెలకువ వచ్చాక నొప్పి ఎంత అన్నది కాదు. 1911లో జర్మనీలో కులెన్‌కాంఫ్ మెడ కింది అడ్డ ఎముక (కాలర్ బోన్) పైనుంచి సూది గుచ్చి చేతి నరాల మొత్తాన్నీ మత్తులో ఉంచే పద్ధతి చూపాడు గానీ, ఊపిరితిత్తికి సూది తగులుతుందన్న భయం దాన్ని చాలాకాలం వెంటాడింది. 1994లో వియన్నా వైద్యులు అల్ట్రాసౌండ్ తెర మీద నరాన్ని చూస్తూ ఇచ్చిన తీరును ప్రకటించాక ఆ భయం తగ్గుతూ వచ్చింది.

అసలు మలుపు 2016లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన గ్లాస్గో అధ్యయనం. 126 మంది రోగులను చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు కోత పెట్టే చోట మాత్రమే మత్తు సూది, మరో జట్టుకు చేయంతటికీ నరాల మత్తు ఇచ్చారు. మూడు నెలలకు ఫిస్టులాలో రక్తం పారుతున్నవారు మొదటి జట్టులో 62 శాతం, రెండో జట్టులో 84 శాతం. నరాల మత్తు రక్తనాళాలను బిగించే నరాలను కూడా ఆపుతుంది కాబట్టి సిర వ్యాకోచించి ప్రవాహం పెరుగుతుంది. నొప్పి కోసం ఎంచుకున్న మందే ఆపరేషన్ ఫలితాన్ని మార్చడం నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి.

పరిశోధకులు తక్కువగా పట్టించుకున్నది ఆ తర్వాతి నొప్పిని. డయాలసిస్ వారానికి మూడుసార్లు, పూటకు రెండు సూదుల చొప్పున ఏడాదికి 312 పోట్లు. చర్మాన్ని మొద్దుబార్చే లిడోకైన్, ప్రిలోకైన్ మందులు కలిసిన క్రీము, చల్లదనం కలిగించే స్ప్రే, మంచుగడ్డ వంటివాటిని పోల్చిన అధ్యయనాలు ఉన్నా, వాటిలో చాలావరకు చిన్నవి. 2023 డిసెంబరులో ప్రారంభమైన పలాస కిడ్నీ పరిశోధన కేంద్రం జబ్బు కారణాన్ని వెదకడం సహజమే గానీ, ఈ పోలిక కూడా అక్కడ జరగవలసిందే. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. క్రీము పనిచేయడానికి గంట ముందే రాసుకోవాలి కనుక, పల్లె నుంచి బయలుదేరేటప్పుడు రోగి ఇంట్లోనే రాసుకొని బస్సెక్కవచ్చునా, డయాలసిస్ గదికి చేరేసరికి ఆ మొద్దుబారడం నిలిచి ఉంటుందా అన్నది అక్కడి రోగులతోనే తేల్చవలసిన ప్రశ్న.