అణు వ్యర్థాలు: వేల ఏళ్ల లెక్కలో తిరకాసు

అణు వ్యర్థాల శుద్ధి నా వృత్తి అని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: "24 వేల ఏళ్లు ప్రాణాలు తీస్తూనే ఉంటుందట, నిజమేనా?"

అపోహ: అర్ధాయువు (రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గే కాలం) ఎంత ఎక్కువైతే అంత ప్రమాదం.

వాస్తవం: లెక్క దాదాపు తలకిందులు. నెమ్మదిగా విఘటనం చెందే పదార్థం నుంచి వికిరణమూ నెమ్మదిగానే వెలువడుతుంది. ప్లుటోనియం-239 అర్ధాయువు 24,100 ఏళ్లు. దాని ఆల్ఫా కణాలను ఒక కాగితం ఆపేస్తుంది. ముప్పంతా అది ఊపిరితోనో తిండితోనో ఒంట్లోకి చేరితేనే. సీజియం-137 అర్ధాయువు 30 ఏళ్లే. ఒంట్లోంచి దూసుకుపోయే దాని గామా కిరణాలకే మా హాట్ సెల్‌కు, అంటే వ్యర్థాలను శుద్ధి చేసే మూసిన గదికి, అంత మందపాటి గోడలు, సీసం కలిపిన లేత పసుపు గాజు కిటికీ. దాని అవతల, వ్యర్థాలు కలిసిన గాజు ఎర్రగా కరిగి ఉక్కు డబ్బాలోకి తేనెలా జారుతుంది. మమ్మల్ని ఎక్కువ జాగ్రత్తగా ఉంచేది ఈ సీజియమే. 300 ఏళ్లకు అది వెయ్యో వంతుకు తగ్గుతుంది.

ఈ అపోహ ఖరీదు పెద్దది. వ్యర్థాలను నేల లోతుల్లో రాతిలో పాతిపెట్టాలన్నది ఆలోచన. వేల ఏళ్లు ఆపే చోటే లేదని అందుకు చూపిన ప్రతి స్థలాన్నీ కాదంటే, వాడేసిన ఇంధనం నేలమీది కొలనుల్లో, పీపాల్లో కాపలా నడుమ ఉండిపోతుంది.

ఒక ప్రజాభిప్రాయ సేకరణలో చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి, "మా పాప తాగే నీళ్లలో కలుస్తుందా?" అని అడిగింది. వేదికమీది అధికారి "అది మీకు అర్థం కాదమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సభ ముగిశాక ఆమె పక్కన కూర్చుని చెప్పాను: నీరు ముందు రాతిని, తర్వాత బంకమట్టిని, లోహపు డబ్బాను దాటాలి, ఆపైన గాజును కరిగించాలి. గాబన్‌లోని ఓక్లోలో సుమారు 200 కోట్ల ఏళ్ల క్రితం సహజంగా అణు చర్య నడిచింది; ఆ సంగతి 1972లో బయటపడింది. అక్కడ పుట్టిన ప్లుటోనియం దాదాపు కదలలేదు. సీజియం మాత్రం చాలావరకు కొట్టుకుపోయింది, అందుకే ఇన్ని అడ్డుగోడలు. ఊట నీటిని ఎవరు, ఎన్నాళ్లకోసారి పరీక్షిస్తారని ఆమె తిరిగి అడిగింది. ఆ రోజు సభలో అంతకన్నా మంచి ప్రశ్న నేను వినలేదు.

అపోహ: శాస్త్రజ్ఞులంతా ఒకే మాట మీద ఉన్నారు.

లేరు. వాడేసిన ఇంధనాన్ని రాగి డబ్బాల్లో పాతిపెట్టాలనుకున్న స్వీడన్‌లో, ప్రాణవాయువు లేని నీటిలో రాగి తుప్పు పడుతుందా అని ఏళ్లపాటు వాదించుకున్నారు. అలా పాతిపెట్టడానికి అక్కడి ప్రభుత్వం 2022లో గాని అనుమతి ఇవ్వలేదు. జర్మనీలోని ఆసె ఉప్పు గనిలో వ్యర్థాల పీపాలు పెట్టారు, లోపలికి నీరు ఊరింది. భయపడేవారిని మూర్ఖులనడం అన్యాయం.

ఇక మిగిలిన అపోహలు. పచ్చగా మెరిసే ద్రవమా? గాజుగా మార్చాక అది నల్లని రాయిలా ఉంటుంది. సముద్రంలో పారేయడమా? 1993లోనే లండన్ ఒప్పంద దేశాలు నిషేధించాయి. రాకెట్‌లో పంపడమా? అది ఆకాశంలో పేలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.